పిల్లికి బిచ్చం పెట్టినవాడు

లండన్ వీధుల్లో గిటారు వాయించుకుని బతికే ఓ వ్యసనపరుడు. మెట్ల దగ్గర ముడుచుకు పడుకున్న ఓ గాయపడిన పిల్లి. ఆ ఇద్దరి యథార్థ గాథ ఇది. కార్వేటినగరం వీధుల్లో గోడలు దూకే పిల్లులకూ, వాటిని రోజూ చూసే మనకూ ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి.

ఆ రాత్రి లిఫ్టు పనిచేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

2007 వసంతం. లండన్‌కు ఉత్తరాన టాటెన్‌హామ్ అనే పేట. జేమ్స్ బోవెన్ భుజాన గిటారుతో, స్నేహితురాలితో కలిసి తాను ఉంటున్న ఫ్లాట్ల భవనానికి చేరుకున్నాడు. లిఫ్టు చెడిపోయింది. విసుక్కుంటూ మెట్లవైపు నడిచాడు. నడవలో దీపం కూడా వెలగడం లేదు. ఆ మసకలో రెండు కళ్లు మెరిశాయి.

దగ్గరికెళ్లి చూస్తే పిల్లి. ఎర్రటి మగపిల్లి. కింది అంతస్తులో ఎవరి గుమ్మం ముందో, కాళ్లు తుడుచుకునే పట్టా మీద పడుకుని ఉంది. మనిషి వచ్చినా బెదరలేదు, లేవలేదు. నువ్వెవరన్నట్టు తేరిపార చూసింది. జేమ్స్ వంగి మెడ కింద నిమిరాడు. మెడకు పట్టీ లేదు. చేతికి ఎముకలు తగిలాయి.

తీసుకెళ్దామా అనిపించింది. వద్దంది స్నేహితురాలు. ఆ గుమ్మం వాళ్లదే అయ్యుంటుంది, లోపలికి రానిస్తారని కాచుకుని ఉందేమో, మనం ఎత్తుకుపోతే ఎలా అని ఆమె సందేహం. మాట సబబుగానే ఉంది. జేమ్స్ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చేసరికి పిల్లి అక్కడే ఉంది. ఆ తర్వాతా అక్కడే ఉంది. ఇక ఉండబట్టలేక ఆ తలుపు తట్టాడు. లోపలి మనిషి బయటికొచ్చి, దానితో తనకేం సంబంధం లేదన్నాడు. తలుపు మూసుకుంది. నడవలో ఇద్దరే మిగిలారు.

చేతిలో చిల్లిగవ్వ లేనివాడు

పిల్లిని చేరదీసిన ఆ మనిషి అప్పటికి ఏ స్థితిలో ఉన్నాడో తెలిస్తేగాని అతను చేసిన పని విలువ తెలియదు.

జేమ్స్ 1979లో ఇంగ్లండులో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లితో పాటు ఆస్ట్రేలియా వెళ్లాడు. ఊళ్లు మారడం, బళ్లు మారడం, ఎక్కడా కుదురుకోకపోవడం. బళ్లో తోటిపిల్లలు ఏడిపించేవాళ్లు. సంగీతకారుడు కావాలన్న కోరికతో 1997లో లండన్ తిరిగొచ్చాడు. అక్క ఇంట్లో కొన్నాళ్లు తలదాచుకున్నాడు. అక్కడ పొసగలేదు. తర్వాత తెలిసినవాళ్ల ఇళ్లలో ఓ మూల, ఆ తర్వాత వీధి. లండన్ చలిలో అరుగుల మీద పడుకునేవాడికి ఆ రాత్రి గడిస్తే చాలనిపిస్తుంది. అలా హెరాయిన్ అలవాటైంది.

పిల్లి కనబడే నాటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. హెరాయిన్ మానిపించడానికి ప్రభుత్వ వైద్యులు ఇచ్చే మెథడోన్ మందు మీద ఉన్నాడు. కోలుకుంటున్నవాళ్ల కోసం కేటాయించిన చిన్న ఫ్లాటు ఒకటి దొరికింది. పగలంతా కోవెంట్ గార్డెన్ ప్రాంతంలో రోడ్డు పక్కన గిటారు వాయిస్తాడు. దారిన పోయేవాళ్లు వేసే చిల్లరతో ఆ పూట తిండి, గది వేడెక్కడానికి కరెంటు. వచ్చే నెల గురించి ఆలోచించే అలవాటు ఎప్పుడో పోయింది. నన్ను నేనే చూసుకోలేని నాకు ఇంకో ప్రాణం ఎందుకన్నదే అతని మొదటి ఆలోచన. ఆ సంగతి తర్వాత తన పుస్తకంలో దాచకుండా రాసుకున్నాడు.

మనవైపు పరమ లోభిని పిల్లికి కూడా బిచ్చం పెట్టడంటారు. ఇక్కడ బిచ్చం లాంటి చిల్లర మీద బతికేవాడే పిల్లికి పెట్టాడు. ఫ్లాట్లో ఉన్న కాసిని పాలు, డబ్బాలో మిగిలిన చేప ముక్కలు. పిల్లి గిన్నె నాకేసి, గది వెచ్చగా ఉన్నచోటు చూసుకుని పడుకుంది.

అప్పుడు కనబడింది గాయం. వెనక కాలి మీద చీము పట్టిన పుండు. ఏ కుక్కో నక్కో మరో పిల్లో కరిచి ఉంటుంది. అతను దాన్ని కడిగి శుభ్రం చేశాడు. తనవల్ల అయ్యేది అంతేనని, మిగిలింది డాక్టరు పని అని తెలిసిపోయింది.

ఆఖరి డబ్బులు

లండన్‌లో మూగజీవాల కోసం పనిచేసే ఒక పాత సంస్థ ఉంది. 1824లో పుట్టింది. ప్రపంచంలో ఈ పని కోసం ఏర్పడిన సంఘాల్లో ఇదే మొదటిదంటారు. 1840లో విక్టోరియా రాణి అనుమతితో పేరుకు ముందు ‘రాయల్’ చేరింది. ఆర్‌ఎస్‌పీసీఏ అని పొడి అక్షరాల్లో పిలుస్తారు. పేదవాళ్ల పెంపుడు జంతువులను చూసే క్లినిక్కులు దానికి ఉన్నాయి. జేమ్స్ పిల్లిని చంకన పెట్టుకుని అక్కడికి బయల్దేరాడు.

హాలు నిండా కుక్కలు. గొలుసులు తెంపుకునేలా మొరుగుతున్నాయి. అతని ఒళ్లో పిల్లి మాత్రం కుదురుగా కూర్చుంది. గంటలు గడిచాయి. పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు పుండు చూసి, రెండు వారాలు వాడమని యాంటీబయోటిక్ మాత్రలు రాసిచ్చాడు.

చూసినందుకు డబ్బు తీసుకోలేదు. మందులకు మాత్రం కట్టాలి. రోజంతా గొంతు పోయేలా పాడితే వచ్చే డబ్బు అది. జేబులో ఉన్నది కూడా దాదాపు అంతే. కౌంటరు ముందు నిలబడినవాడికి రెండు దారులు కనిపించి ఉంటాయి. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. అలా చేసినా అడిగేవాళ్లు లేరు. అతను డబ్బు కట్టి మందు తీసుకున్నాడు.

ఈ కథలో పెద్ద మలుపు పుస్తకమూ కాదు, సినిమా కూడా కాదు. ఇదే. పేరు లేదు, పేపర్లో పడలేదు, చప్పట్లు లేవు. సందు చివర మందుల చీటీ పట్టుకున్న ఓ పేదవాడు తన రేపటి తిండి డబ్బును తనది కాని పిల్లి మీద పెట్టాడు.

పిల్లికి మాత్ర మింగించినవాళ్లకు తెలుస్తుంది ఆ యాతన. పిండిలో పెట్టిస్తే పిండి తిని మాత్ర ఉమ్మేస్తుంది. జేమ్స్ దాని నోరు తెరిచి నాలుక వెనక మాత్ర వేసి, మూతి మూసి, మింగేదాకా గొంతు కింద నిమిరేవాడు. అలా రెండు వారాలు. సగంలో పుండు తగ్గినట్టు కనిపించినా ఆపలేదు. మందు పూర్తి చేశాడు.

ఈలోగా పేరు పెట్టాడు. ‘ట్విన్ పీక్స్’ అనే టీవీ సీరియల్లో బాబ్ అని ఓ పాత్ర ఉంది. కాసేపు మామూలు మనిషి, కాసేపు పిచ్చి ఆవేశం. ఈ పిల్లి కూడా అంతే. పడుకుంటే బుద్ధిమంతుడు, లేస్తే గదంతా చిందరవందర. బాబ్ అన్న పేరు అలా స్థిరపడింది. దొడ్డికి వెళ్లడానికి ఇసుక పెట్టె పెడితే దాని వైపు చూసేవాడు కాదు. కిందికి తీసుకెళ్లాల్సిందే. జేమ్స్ అన్ని మెట్లూ దిగి, పొదల వెనక పని ముగించుకుని బాబ్ వచ్చేదాకా నిలబడి, మళ్లీ అన్ని మెట్లూ ఎక్కేవాడు.

మందులు అయ్యాక ఇంకో పని చేశాడు. బాబ్‌కు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాడు. వీధి మగపిల్లి ఆడపిల్లి కోసం రాత్రంతా తిరుగుతుంది, తోటి మగపిల్లులతో కొట్లాడుతుంది, కరిపించుకుంటుంది. కాలి మీద పుండు అలాంటి కొట్లాటలోనే వచ్చి ఉండవచ్చు. పుండు మాన్పి కొట్లాటకు కారణాన్ని వదిలేస్తే మళ్లీ అదే పుండు.

వెళ్లమంటే వెళ్లలేదు

గాయం మానింది. బొచ్చు నిగనిగలాడుతోంది. ఇక వీధిలో వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుందనుకున్నాడు జేమ్స్. కిందికి తీసుకొచ్చి వదిలాడు. వీడు నడిస్తే అది వెనకే నడిచింది. ఆగితే ఆగింది. కసురుకుంటే కాసేపు చెట్ల చాటుకు పోయి, మళ్లీ ప్రత్యక్షం.

ఓ రోజు గిటారు భుజాన వేసుకుని కోవెంట్ గార్డెన్ వెళ్లడానికి బస్సెక్కాడు. సీట్లో కూర్చున్నాడో లేదో, ఎర్రటిదేదో కాళ్ల సందుల్లోంచి వచ్చి పక్క సీట్లోకి దూకింది. బాబ్! లండన్ ట్రాఫిక్‌లో రోడ్డు దాటి, బస్టాపు దాకా వెంబడించి, తలుపు మూసుకునేలోగా ఎక్కేశాడు. కిటికీ పక్కన కూర్చుని ఊరు చూడడం మొదలెట్టాడు. తోటి ప్రయాణికులు నవ్వారు. దించెయ్యమని ఎవరూ అనలేదు.

బస్సు దిగాక రద్దీలో తప్పిపోకుండా జేమ్స్ దాన్ని భుజం మీదికి ఎక్కించుకున్నాడు. ఆ భుజమే ఇకమీదట బాబ్ చోటు.

ఆ రోజు మామూలు జాగాలో గిటారు సంచి తెరిచి కింద పెట్టాడు. బాబ్ అందులో ముడుచుకు కూర్చున్నాడు. ఇంకా మొదటి తీగ మీటలేదు, జనం ఆగడం మొదలైంది. అన్నేళ్లుగా అదే చోట నిలబడి పాడుతున్నాడు. జనానికి అతనొక అడ్డం. కళ్లు తిప్పుకుని పక్కనుంచి వెళ్లేవాళ్లు. ఇప్పుడు అదే జనం వంగి, నవ్వి, పేరు అడుగుతున్నారు. పిల్లి పేరు అడిగాక మనిషి పేరు కూడా అడుగుతున్నారు. రోజూ వచ్చే దానికి రెట్టింపు పైగానే డబ్బు పడింది. అంతకన్నా, ఎదుటి మనుషులు తన మొహం చూసి మాట్లాడారు. జేమ్స్ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఈ సంగతే ముందు చెప్పాడు. బాబ్ వచ్చాకే తాను మళ్లీ మనుషుల కళ్లకు ఆనానన్నాడు.

రోడ్డు మీద పాడడానికి అడ్డంకులు ఎక్కువయ్యాక ‘ది బిగ్ ఇష్యూ’ పత్రిక అమ్మడం మొదలెట్టాడు. ఇది 1991లో జాన్ బర్డ్, గోర్డన్ రాడిక్ కలిసి మొదలుపెట్టిన పత్రిక. ఇల్లు లేనివాళ్లు దీన్ని తమ డబ్బుతో తక్కువ ధరకు కొని, ముద్రించిన ధరకు అమ్ముకుంటారు. మిగిలింది వాళ్ల సంపాదన. చేతులు చాచడం ఉండదు, వ్యాపారమే. ఇస్లింగ్టన్ ప్రాంతంలోని ఏంజెల్ రైల్వే స్టేషన్ బయట జేమ్స్, బాబ్‌ల జాగా. చలికాలం వచ్చిందంటే అక్కడికి వచ్చేవాళ్లు బాబ్ కోసం ఊలు అల్లి తెచ్చేవాళ్లు. బాబ్ మెడ చుట్టూ రోజుకో రంగు మఫ్లరు.

దగ్గర్లోని ఇస్లింగ్టన్ గ్రీన్ పార్కు వద్దకు జంతువుల కోసం పనిచేసే బ్లూ క్రాస్ సంస్థ వ్యాను వచ్చేది. అక్కడ బాబ్ మెడ చర్మం కింద మైక్రోచిప్ పెట్టించాడు. బియ్యపు గింజంత ఉంటుంది. తప్పిపోతే ఎవరిదో దాని నంబరుతో తెలుస్తుంది. ఆ కాగితం మీద యజమాని అన్న గడిలో జేమ్స్ బోవెన్ అని రాసుకున్నాడు. ఒక బాధ్యత కింద అతని పేరు కాగితం మీద పడడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

అన్నీ మంచి రోజులే కావు. ఓసారి ఏంజెల్ దగ్గర పెద్ద కుక్క మీదికి రావడంతో బాబ్ తాడు తెంచుకుని జనంలోకి పరుగెత్తాడు. జేమ్స్ వీధి వీధీ వెతికాడు. చీకటిపడింది. ఆశ వదులుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్తే, అక్కడ ఉన్నాడు బాబ్. కొన్నిసార్లే వెళ్లిన ఇల్లు. అంత దూరం, అంత రద్దీ దాటుకుని దారి గుర్తుపెట్టుకుని చేరాడు.

మార్జాల కిశోరం

ఇక్కడ కాసేపు లండన్ వదిలి కార్వేటినగరం వద్దాం.

మన ఊరి పేరు చెబితే పెద్దలకు గుర్తొచ్చేది వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి, ఆ స్వామి మీద పదాలు కట్టిన సారంగపాణి. ఇప్పుడు ఆ గుడి తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహణలో ఉంది. వైష్ణవ గుళ్లున్న ఊళ్లలో ఉపన్యాసాలు విన్నవాళ్లకు రెండు న్యాయాలు తెలిసే ఉంటాయి. కోతిపిల్ల తల్లి కడుపును తానే గట్టిగా పట్టుకుని వేలాడుతుంది. అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చెయ్యదు. తల్లే దాని మెడ నోట కరుచుకుని తీసుకెళ్తుంది. అది మార్జాల కిశోర న్యాయం. భగవంతుడి కృప కోసం జీవుడు ప్రయత్నించాలా, లేక ఊరకే శరణని ఉండిపోవాలా అన్న చర్చకు రామానుజుల తర్వాతి ఆచార్యులు ఈ రెండు జంతువులనూ సాక్ష్యానికి తెచ్చారు. వడకళై వారు కోతిని, తెంకళై వారు పిల్లిని.

జేమ్స్ కథను ఈ తూకంలో వేస్తే చిక్కొచ్చిపడుతుంది. పిల్లిని మెట్ల దగ్గర్నుంచి ఎత్తుకెళ్లింది అతను. కానీ ఆ తర్వాత అతన్ని వ్యసనపు బురదలోంచి మోసుకొచ్చింది పిల్లి.

దానికి రుజువు మెథడోన్ కథ. హెరాయిన్ స్థానంలో ఇచ్చే ఈ మందు కూడా ఓ సంకెలే. రోజూ మందుల షాపుకెళ్లి, అక్కడివాళ్ల ఎదుట నిలబడి తాగాలి. దాని నుంచి కూడా బయటపడాలంటే బ్యూప్రెనార్ఫిన్ అనే తేలిక మందుకు మారాలి. మారేముందు ఒంట్లో ఉన్న మెథడోన్ తగ్గేదాకా ఏ మందూ లేకుండా ఉండాలి. ఒళ్లంతా నొప్పులు, చెమటలు, వణుకు, వాంతులు, నిద్ర పట్టదు. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. బయటికెళ్లి మళ్లీ హెరాయిన్ కొనుక్కుంటారు.

జేమ్స్ ఫ్లాట్లో తలుపేసుకుని పడుకున్నాడు. బాబ్ పక్కనే ఉన్నాడు. మధ్యమధ్య మొహం దగ్గరికొచ్చి చూసి వెళ్తున్నాడు. ఆకలేస్తే అరుస్తున్నాడు. ఎంత వణుకుతున్నా లేచి బాబ్‌కు గిన్నెలో తిండి పెట్టాలి. పెట్టాడు. బాబ్ ఆకలి ఆగదు. ఆ గిన్నె నింపడం కోసం లేచినవాడు రాత్రి గట్టెక్కాడు. తర్వాత ఆ తేలిక మందూ మానేశాడు. రోజూ లేవడానికి కారణం దొరికిందని చెప్పుకున్నాడు.

పుస్తకం, సినిమా, కంచు విగ్రహం

ఏంజెల్ స్టేషన్ దగ్గర రోజూ ఈ జంటను చూస్తూ వెళ్లేవాళ్లలో మేరీ పక్నోస్ ఒకరు. ఆమె రచయితలకూ ప్రచురణకర్తలకూ మధ్య పనిచేసే ఏజెంటు. ఇందులో పుస్తకం ఉందనిపించింది. గ్యారీ జెంకిన్స్ అనే రచయిత తోడు కూర్చుని జేమ్స్ చెప్పింది రాశాడు. 2012 మార్చిలో ‘ఏ స్ట్రీట్ క్యాట్ నేమ్డ్ బాబ్’ వెలువడింది. నలభైకి పైగా భాషల్లోకి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన పుస్తకాలతో కలిపి ఎనభై లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడయ్యాయి.

2016లో రోజర్ స్పాటిస్‌వుడ్ దర్శకత్వంలో అదే పేరుతో సినిమా వచ్చింది. జేమ్స్‌గా ల్యూక్ ట్రెడవే నటించాడు. బాబ్ పాత్రకు వేరే పిల్లుల్ని తెచ్చారుగానీ, చాలా దృశ్యాల్లో బాబ్ తానే నటించాడు. ప్రథమ ప్రదర్శనకు రాకుమారుడు విలియం భార్య కేథరిన్ వచ్చింది. మెథడోన్ సీసా కోసం మందుల షాపు ముందు నిలబడిన మనిషి, మఫ్లరు కట్టుకున్న పిల్లిని భుజాన వేసుకుని ఎర్ర తివాచీ మీద నిలబడ్డాడు.

2020 జూన్ 15న బాబ్ చనిపోయాడు. ఇంట్లోంచి బయటపడి కనిపించకుండా పోయాక, కారు కింద పడినట్టు తెలిసింది. కనీసం పద్నాలుగేళ్లు ఉంటాయని అంచనా. వీధిలో తిరిగిన పిల్లి అన్నేళ్లు బతకడం అరుదు. 2021 జులై 15న ఇస్లింగ్టన్ గ్రీన్‌లో టాన్యా రసెల్ మలచిన బాబ్ కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఒకప్పుడు మైక్రోచిప్ కోసం వరుసలో నిలబడ్డ చోటు అదే.

మన వీధిలో అయితే

ఇంత చదివాక, లండన్ కాబట్టి సరిపోయింది, కార్వేటినగరంలో ఎవరు చేస్తారబ్బా అనుకోవడం సహజం. కానీ జేమ్స్ చేసిన పనుల్ని వరసగా పేర్చి చూడండి. ఎవరిదో అడిగాడు. గాయాన్ని డాక్టరుకు చూపించాడు. మందు పూర్తి చేశాడు. ఆపరేషన్ చేయించాడు. ఆ తర్వాత తలుపు తెరిచాడు. ఉండడమా పోవడమా అన్నది పిల్లికే వదిలేశాడు. ఇందులో లండన్‌కే కుదిరేది ఒక్కటీ లేదు.

మన ఊళ్లో అడగడం ఇంకా సులువు. వీధిలో నలుగురు అరుగు మీద ఉంటారు. “అక్కా, ఈ పిల్లి మీదేనా?” అంటే చాలు, దాని తాత ముత్తాతల కథ కూడా చెప్తారు. ఎవరిదీ కాదని తేలాక దగ్గరవ్వాలంటే తొందర పనికిరాదు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి పెట్టి పక్కకు తప్పుకోండి. కళ్లలోకి గుచ్చి చూడకండి. మీదికి వంగకండి. అదే దగ్గరికొచ్చి కాలికి రాసుకుంటుంది. ఎప్పుడన్నది దాని ఇష్టం.

పాలు పొయ్యడం మన అలవాటు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోవడం వాటికైతే మేలే! ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, చేప, గుడ్డు పెట్టండి. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. వేసవిలో తిండి కన్నా నీళ్లే ముఖ్యం. జ్వరమనీ నొప్పులనీ మనం వాడే పారాసిటమాల్ మాత్ర వెయ్యకండి. పిల్లికి ఆ మందు విషం, సగం బిళ్ల కూడా ప్రాణం తియ్యవచ్చు.

కాలు విరిగిన పిల్లిని చూస్తే మనవాళ్లు ముందు పుత్తూరు కట్టు గురించే మాట్లాడతారు. పక్కూరే మరి. కానీ పిల్లి విషయంలో ముందు పశువైద్యుడికి చూపించాలి. మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రికి ఆవులూ గేదెలే ఎక్కువగా వస్తాయన్నది నిజమే. పిల్లిని తీసుకెళ్లకూడదని ఎక్కడా లేదు. గాలాడే బుట్టలో గుడ్డ పరిచి, మూత కట్టి తీసుకెళ్లండి. అక్కడ వీలుకాని ఆపరేషన్లకు పుత్తూరు మీదుగా వెళ్తే తిరుపతి ఉంది. 1955 నుంచి అక్కడ పశువైద్య కళాశాల నడుస్తోంది. 2005లో వెలసిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి అదే పునాది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎందుకంటే లెక్క చూడండి. ఆడపిల్లి ఐదారు నెలలకే కడుపుతో అవుతుంది. రెండు నెలల్లో ఈనుతుంది. ఏడాదికి రెండుమూడు ఈతలు, ఈతకు నాలుగైదు కూనలు. వాటిలో చాలావరకు బండ్ల కింద, కుక్కల నోట, జబ్బులతో పోతాయి. తిండి పెట్టి ఆపరేషన్ మరిచిపోతే ఆకలిగొన్న పిల్లుల్ని పెంచినట్టే అవుతుంది. గోడ మూల ఒంటరిగా కూనలు కనబడితే వెంటనే ఎత్తుకురాకండి. తల్లి తిండి కోసం పోయి ఉండవచ్చు. దూరంగా ఉండి కొన్ని గంటలు చూడండి.

ఒక హెచ్చరిక. పిల్లి గీరినా కరిచినా తేలిగ్గా తీసుకోకండి. రేబిస్ కుక్కల వల్లే వస్తుందనుకోవడం తప్పు, పిల్లుల వల్లా వస్తుంది. వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. పసుపు, సున్నం, కారం పెట్టవద్దు. పిల్లలకు ముందే చెప్పండి, గీరిన సంగతి దాచకూడదని.

పిల్లి ఎదురైతే పని చెడుతుందని రాయి విసిరేవాళ్లు ఇంకా ఉన్నారు. జంతువును కొట్టడం, హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఆ చట్టం రావడానికి మూలం కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె ఇందుకోసం బిల్లు తెచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. అదే కళాక్షేత్రలో నాట్యం నేర్చుకున్న అమల, అక్కినేని వారి కోడలిగా హైదరాబాద్ వచ్చాక అక్కడ బ్లూ క్రాస్ పేరుతో ఓ సంస్థ స్థాపించింది. దెబ్బతిన్న జంతువులను ఇంటికి తెచ్చుకోవడంతోనే అదీ మొదలైంది. భూతదయ పౌరుల కర్తవ్యమని మన రాజ్యాంగం 51ఎ అధికరణలో రాసి ఉంది.

జేమ్స్‌కు సొంత సంస్థ లేదు, డబ్బు అసలే లేదు. స్తోమత వచ్చాక సాయం చేద్దామని కూర్చుని ఉంటే బాబ్ ఆ పట్టా మీదే చచ్చిపోయేవాడు. జేమ్స్ కూడా ఎక్కువకాలం బతికి ఉండేవాడు కాదేమో. వీధి పిల్లికి సాయం చెయ్యడానికి పెద్ద మనసు కన్నా, మొదలెట్టిన పని చివరిదాకా చేసే ఓపిక కావాలి. మీ వీధిలో కుంటుతూ తిరిగే పిల్లి ఉంటే ఈ ఆదివారమే ఇంటింటికీ వెళ్లి ఎవరిదో కనుక్కోండి. ఎవరిదీ కాకపోతే సోమవారం ఉదయం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు ఎన్ని రోజులు మందు వెయ్యమంటే అన్ని రోజులూ వెయ్యండి.